ఒక్క యూనిట్ చూపించు తాతయ్యా

నిన్న కరెంటు బిల్లు చేత్తో పట్టుకుని నువ్వడిగిన మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది అమ్మడూ. ‘తాతయ్యా, ఈ నెల మనం 212 యూనిట్లు వాడామట. కిలో కందిపప్పంటే చూపిస్తావు, లీటరు పాలంటే చూపిస్తావు. ఒక్క యూనిట్ చూపించు చూద్దాం’ అన్నావు. ముప్పై నాలుగేళ్ళు నందిగామ, జగ్గయ్యపేట సెక్షన్లలో స్తంభాలెక్కి దిగాను. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. బిల్లు ఎందుకింత వచ్చిందని అడిగినవాళ్ళున్నారు, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళున్నారు. యూనిట్ చూపించమన్నది నువ్వొక్కదానివే.

రా, డాబా మీదికి పోదాం. మీ నానమ్మ పొద్దున్నే పిండి వడియాలు పెట్టింది. కాకులు వాలకుండా ఈ కర్ర పట్టుకుని నువ్వు ఆ పక్క కూర్చో. నేను ట్యాంకు నీడన కూర్చుంటా.

మీ సైన్సు పుస్తకంలో రెండు గళ్ళ పట్టిక ఉంది కదా. ఎడమ గడిలో ఎండ, గాలి, నీళ్ళు, కట్టెలు, పేడ. అవి పునరుత్పాదక వనరులు. కుడి గడిలో బొగ్గు, పెట్రోలు, గ్యాసు. అవి ఒకసారి పోతే మళ్ళీ రానివి. నువ్వది గడగడా అప్పజెప్పావు. ఆ పట్టికలోవి ఒక్కొక్కటి తీసి, ఒక్క యూనిట్‌కి అందులోంచి ఎంత కావాలో చెబుతాను. మధ్యలో ఆ గీత ఎక్కడ గీయాలో అప్పుడు మళ్ళీ చూద్దాం.

యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు. ఇది నీకు తెలుసు. కానీ వెయ్యి వాట్లు ఎంత బరువో ఒంటికి తెలియాలంటే ఎడ్ల దగ్గరకెళ్ళాలి. చందర్లపాడు రోడ్డులో మన చేలో మా నాన్న మోట తోలేవాడు. బావి గట్టు నుంచి ఏటవాలుగా బాట ఉండేది. తోలు బాన నీళ్ళల్లో మునగ్గానే ఎడ్లు ఆ వాలు దిగేవి, బాన పైకొచ్చి నీళ్ళు కాలవలో పడేవి. మళ్ళీ ఎడ్లు వెనక్కి నడవాలి. తెల్లారుజామున మొదలుపెడితే ఎండెక్కేదాకా అదే పని. ఒక జత ఎడ్ల సత్తువ ఇంచుమించు ఒక హార్స్ పవరు, అంటే 746 వాట్లు. ఆ జత గంటా ఇరవై నిమిషాలు ఆగకుండా లాగితే ఒక్క యూనిట్ పని. మనిషైతే పొద్దంతా, ఎనిమిది గంటలు గడ్డపార వేసినా అర యూనిట్‌కి కాస్త ఎక్కువ, అంతే. నీ గదిలో ఏసీ ఒక రాత్రి తాగేది ఇంచుమించు పదిమంది కూలీల పగటి కష్టం. ఏసీ వెయ్యొద్దని అనడం లేదమ్మా, ఈ ఎండల్లో వేసుకోవాల్సిందే. దాని వెనక ఎన్ని చేతుల బలముందో లెక్క తెలియాలని చెబుతున్నా.

ఆ ఎడ్లు తిన్నదేమిటి? జొన్నచొప్ప, పచ్చగడ్డి, చిట్టు. అవన్నీ ఆ ఏటి ఎండకి, ఆ ఏటి వానకి పెరిగినవే. పోయినేడు తిన్న గడ్డి ఈ ఏడు మళ్ళీ మొలిచేది. పునరుత్పాదకం అన్న పెద్ద మాట మా నాన్నకి తెలియదు. పశుగ్రాసం చాలినంత లేకపోతే రెండో జత కొనకూడదని మాత్రం తెలుసు.

ఇక కట్టెలు. ఎండిన కట్టె కిలోలో నాలుగు యూనిట్లకి పైగా వేడి ఉంటుంది. అయితే మా అమ్మ వండిన మట్టి పొయ్యిలో అందులో పదోవంతో, ఇంకొంచెమో గిన్నెకి చేరేది. మిగతాది గోడలకీ, పొగకీ, ఆవిడ కళ్ళకీ పోయేది. చిన్నప్పుడు మాకు పత్తికట్టె, మిరపకట్టె, సర్కారు తుమ్మ, పిడకలు. ఏ చేలో పంటైపోతే ఆ చేలో కట్టె పీక్కొచ్చుకునేవాళ్ళం.

నువ్వు కంచికచర్ల నుంచి వస్తుంటే రోడ్డు పక్కన చూసే సుబాబులు తోటలున్నాయి కదా, కాగితం మిల్లులకి పోయే కర్ర. ఆ చెట్టు గొప్పతనం మొద్దులో ఉంది. మూడు నాలుగేళ్ళకోసారి మొదలుకంటా నరికినా మోటు చిగురిస్తుంది. మళ్ళీ నాటక్కర్లేదు. నరికే కత్తి చెట్టు పెరిగే వేగానికి తగ్గట్టు నడిచినంతకాలం ఆ తోట ఎడమ గడిలోనే ఉంటుంది. ఇప్పుడు కొండపల్లి కొండల వైపు చూడు. బొమ్మలు చేసేవాళ్ళకి కావలసింది తెల్ల పొణికి కర్ర. అది చాలా తేలిక, చెక్కితే వెన్నలా తెగుతుంది. అదీ చెట్టే, అదీ మొలిచేదే. కానీ ఇప్పుడు ఆ కర్ర కోసం బొమ్మలవాళ్ళు వెతుక్కోవలసి వస్తోంది. కొట్టినంత తొందరగా అడవి పెరగలేదు. పుస్తకంలో రెండూ ఎడమ గడిలోనే ఉన్నాయి అమ్మడూ. మన కళ్ళ ముందే ఒకటి గీత దాటి కుడివైపుకి జారుతోంది. సరుకు పేరు చూసి గీత గీస్తే మోసపోతాం. అది పుట్టడానికి ఎంతకాలం పడుతుంది, మనం ఎంత తొందరగా ఖర్చు పెడుతున్నాం అన్న రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇదిగో, చెయ్యి చాపు. బరువుగా ఉందా? జేబులో వేసుకుంటే మీ నానమ్మ తిడుతుందని గుడ్డలో చుట్టి దాచాను. ఇది సింగరేణి బొగ్గు. ఒకప్పుడు నాతో పనిచేసినాయన ఇల్లందు నుంచి తెచ్చిచ్చాడు. తూకం వేస్తే 700 గ్రాములకి కాస్త అటూ ఇటూ. నువ్వడిగిన యూనిట్ ఇదే. మన బొగ్గు సుమారు ఇంత కాలిస్తే ఒక్క యూనిట్ కరెంటు వస్తుంది. ఇందులో ఉన్న వేడి నిజానికి మూడు యూనిట్లకి పైమాటే. బాయిలర్లో ఆవిరై, టర్బైన్ తిప్పి తీగలోకి వచ్చేసరికి ఒకటి మిగులుతుంది. మిగతా రెండు వంతులూ నీళ్ళల్లోకీ గాలిలోకీ పోతాయి. అది పనివాళ్ళ తప్పు కాదు, వేడిని పనిగా మార్చడంలో ప్రకృతి పెట్టిన పన్ను. అంతా దిగమింగే యంత్రం ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు, చెయ్యలేరు కూడా.

ఈ ముక్కలో ఉన్నది కూడా ఎండే తెలుసా? ఇరవై అయిదు కోట్ల ఏళ్ళకి పైబడిన ఎండ. అప్పుడు గోదావరి లోయంతా చిత్తడి నేల. గ్లాసాప్టెరిస్ అనే చెట్లు, నాలుకలాంటి ఆకులు. అవి పడి, బురదలో మునిగి, మీద మట్టి పేరుకుని, నొక్కుకుని నొక్కుకుని ఇలా అయ్యాయి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర ఈ బొగ్గుని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. మా తాత పుట్టడానికి కొద్దిగా ముందు. అంటే మన ఇంట్లో నాలుగైదు తరాలు.

ఇప్పుడు వేళ్ళు మడుచుకో, లెక్క చేద్దాం. ఇబ్రహీంపట్నంలో మన థర్మల్ స్టేషన్ ఉంది కదా, ఇప్పుడు నార్ల తాతారావు పేరు పెట్టారు. విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా చేసిన పెద్దమనిషి. ఆ స్టేషన్ 1979లో ఒక్క 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలై ఇవాళ మొత్తం 2560 మెగావాట్లయింది. పూర్తి దమ్ము మీద నడిస్తే గంటకి 25 లక్షల 60 వేల యూనిట్లు. రోజుకి ఆరు కోట్ల పైచిలుకు. ఒక్కో యూనిట్‌కి నీ చేతిలో ఉన్నంత ముక్క. ఎంతయింది? నాలుగు కోట్ల ముప్పై లక్షల కిలోలు, అంటే 43 వేల టన్నులు. ఒక గూడ్సు బండి నాలుగు వేల టన్నుల దాకా మోస్తుంది. పదో పదకొండో బండ్లు, రోజూ. మధిర మీదుగా కొండపల్లి వైపు వచ్చే ఆ నల్ల వ్యాగన్లని నువ్వు లెక్కపెట్టేదానివి గుర్తుందా, యాభై దాటాక మర్చిపోయేదానివి.

ఆ బొగ్గులో మూడో వంతు బూడిదే. అది ఊరికే పోదు. హైవే మీద విజయవాడ వైపు నుంచి చిల్లకల్లు దాటి వచ్చే గుండ్రటి ట్యాంకరు లారీలు ఆ బూడిదనే మోసుకొస్తాయి, జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల్లో కలపడానికి. మరి బూడిద కాని భాగం ఏమైంది? బొగ్గుపులుసు వాయువు. యూనిట్‌కి ఇంచుమించు కిలో. ‘700 గ్రాముల ముక్కలోంచి కిలో ఎలా వస్తుంది’ అని అడగవేం? అడుగు. ఆ ముక్కలో సగం కూడా కార్బన్ లేదు. కాలేటప్పుడు పన్నెండు పాళ్ళ కార్బన్ గాలిలోంచి ముప్పై రెండు పాళ్ళ ఆక్సిజన్ లాక్కుంటుంది. బరువు అక్కడ పెరిగింది. పొగగొట్టం పైన తెల్లగా కనపడేది కాదు, కనపడనిదే ఎక్కువ బరువు.

సిమెంటు మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం పక్కకి వెళతా. జగ్గయ్యపేట చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. అందుకే ఇన్ని ఫ్యాక్టరీలు. ఊరవతల ధనంబోడు మీద బౌద్ధ స్తూపముంది, 1882లో జేమ్స్ బర్జెస్ అనే ఆయన తవ్వించి చూశాడు. అక్కడ దొరికిన శిల్పఫలకాలు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చెక్కింది కూడా ఇలాంటి సున్నపురాయి మీదే. రెండువేల ఏళ్ళు ఎండకీ వానకీ నిలిచిన రాయి. అదే రాయిని 1450 డిగ్రీల బట్టీలో కాలిస్తే సిమెంటు. స్వచ్ఛమైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై పోతుంది. ఇది పొయ్యిలో పెట్టిన బొగ్గు వల్ల కాదు, రాయి లోపల బిగుసుకున్నదే బయటపడింది. రేపు బట్టీలన్నీ ఎండతోనే వెలిగించినా ఆ 44 కిలోలు తగ్గవు. అందుకే బూడిద కలపడం మంచి పని, కాల్చే రాయి కొంత తగ్గుతుంది. జయంతిపురంలో రామ్‌కో వాళ్ళు బట్టీ నుంచి ఊరికే పోయే వేడిని పట్టి కరెంటు తీస్తున్నారు. వేడి వృథాగా పోతుంటే చూసి ఊరుకోని ఇంజనీర్లంటే నాకు గౌరవం.

గ్యాసు సంగతి త్వరగా చెప్పేస్తా. కొండపల్లిలో గ్యాసుతో నడిచే కరెంటు ప్లాంటు కట్టారు. బొగ్గుకన్నా శుభ్రంగా కాలుతుంది, బూడిద ఉండదు. 2009లో కాకినాడ దగ్గర సముద్రంలోంచి డీ6 గ్యాసు వచ్చినప్పుడు ఇక మనకి తిరుగులేదనుకున్నాం. 2013 వచ్చేసరికి ఆ గ్యాసు కరెంటు ప్లాంట్లకి ఒక్క వీసమెత్తు రాలేదు. కట్టిన యంత్రాలు అలాగే నిలబడ్డాయి. తరిగిపోయే సరుకంటే ఎప్పుడో మునిమనవల కాలంలో అయిపోతుందని పుస్తకం చదివినవాళ్ళు అనుకుంటారు. నువ్వు పుట్టకముందే, నాలుగేళ్ళలో అయిపోయింది మాకు.

నీళ్ళు ఇవ్వనా? నీళ్ళ యూనిట్ ఎంతో ఊహించు. బిందెడా? డ్రమ్మా? నాలుగు టన్నులమ్మా. నాలుగు వేల లీటర్ల నీళ్ళు వంద మీటర్ల ఎత్తు నుంచి పడితే ఒక్క యూనిట్. పాతిక మీటర్ల ఎత్తే ఉంటే పదహారు టన్నులు కావాలి. నీళ్ళకి బలం పరిమాణం ఒక్కదానిలోనే లేదు, ఎత్తులో ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగింది కదా. పెనుగంచిప్రోలు నుంచి ఇక్కడిదాకా ఎటు చూసినా నీళ్ళే. అన్ని నీళ్ళు వచ్చినా వాటితో ఒక్క బల్బు వెలిగించలేం, నేల బల్లపరుపుగా ఉంది. పొలాలు కోసుకుపోయే సత్తువ ఉంది గానీ టర్బైన్ మీద పడే ఎత్తు లేదు.

ఆ ఎత్తు నాగార్జునసాగర్లో ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ ప్రాజెక్టు కావాలని పట్టుబట్టి తిరిగినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది మన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారిని. ఎడమ కాలవ నీళ్ళు ఈ మెట్ట నేలకి వచ్చిన తరవాతే మన చేలో మోట ఆగింది. మా నాన్న ఆ తోలు బానని చాలా ఏళ్ళు పశువుల కొట్టంలో అలాగే వేలాడదీసి ఉంచాడు.

నీళ్ళని పైకి మోసేది కూడా ఎండే. సముద్రంలో ఆవిరైంది మబ్బై పడమటి కనుమల మీద పడి కృష్ణగా దిగుతుంది. ఏటా తిరిగే చక్రం, కాబట్టి ఎడమ గడి. వానలు లేని ఏడు మాత్రం సాగర్లో టర్బైన్లు కదలవు, అది మా ఉద్యోగంలో చాలాసార్లు చూశాం. ఇంకొకటుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. సాగర్ కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు లెక్కకట్టేది 312. నది మోసుకొచ్చిన ఒండ్రు అడుగున పేరుకుంది. నీళ్ళు ఏటా కొత్తగా వస్తాయి, వాటిని నిలిపే చోటు మళ్ళీ కొత్తగా రాదు. దాన్ని ఏ గడిలో పెడదాం చెప్పు? ఆలోచించు, ఇప్పుడే చెప్పక్కర్లేదు.

అదిగో కాకి! కర్ర ఊపు, కొట్టకు.

ఎండ దగ్గరికొద్దాం, కూర్చున్నదే దాని కింద కదా. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు గజానికి కొంచెం ఎక్కువ చోటు, ఒక చదరపు మీటరు మీద వెయ్యి వాట్ల వెలుగు పడుతుంది. గంటసేపు పడితే ఒక యూనిట్. సోలార్ పలక అందులో అయిదో వంతు కరెంటుగా మారుస్తుంది. కాబట్టి అయిదు చదరపు మీటర్లు, మూడు నవారు మంచాలు పక్కపక్కన వేసినంత మేర, మధ్యాహ్నం ఒక్క గంట. అదే ఎండ యూనిట్. పొగలేదు, బండ్లు రానక్కర్లేదు.

ఎదురింటివాళ్ళు వేయించుకున్నారు చూడు, మూడు కిలోవాట్లు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద దానికి 78 వేలు సబ్సిడీ. రోజుకి సగటున పన్నెండు యూనిట్లు. నీ చేతిలో బొగ్గుతో లెక్కేస్తే రోజుకి ఎనిమిది కిలోలకి పైన, ఏడాదికి మూడు టన్నుల బొగ్గు ఇల్లందు కిందో మణుగూరు కిందో ఉండిపోతుంది.

మొన్న ఎదురింటాయన నా దగ్గరకొచ్చి ‘ఏప్రిల్, మే నెలల్లో ఇంత ఎండ కాస్తుంటే ఎక్కువ రావాలి కదండీ, ఫిబ్రవరికన్నా అంత తేడా లేదేంటి’ అన్నారు. మంచి ప్రశ్న. పలకకి కావలసింది వెలుగు, వేడి కాదు. దాన్ని 25 డిగ్రీల దగ్గర కొలిచి మూడు కిలోవాట్లని రాస్తారు. మన నందిగామలో 45 డిగ్రీలున్న మధ్యాహ్నం ఆ పలక ఒళ్ళు 65 డిగ్రీలు ఉంటుంది. పెరిగిన ప్రతి డిగ్రీకీ నూటికి 0.4 చొప్పున తగ్గుతుంది. నలభై డిగ్రీలకి పదహారు శాతం పోయింది. కృష్ణకి అవతలున్న రెంటచింతలలో ఎండలకి పేరు గానీ, పలకలకి ఆ వేడి గిట్టదు. దానికితోడు క్వారీల దుమ్ము. మంచుపడ్డ తెల్లవారుజామున ఆ దుమ్ము తడిసి అట్టకట్టుకుపోతుంది. వారానికోసారి పొద్దున్నే, పలక చల్లగా ఉన్నప్పుడు కడగమన్నాను. మధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్ళు పోయకూడదు.

పలకలు నిన్నగాక మొన్న వచ్చాయి. ఈ నేలలో ఎండని వాడుకోవడం మాత్రం కొత్తేమీ కాదు. మొన్న మార్చిలో నువ్వొచ్చినప్పుడు చేలల్లో ఎర్ర దుప్పట్లు పరిచినట్టు మిరప కల్లాలు చూశావు కదా, ఘాటుకి తుమ్మావు కూడా. దాని లెక్క నేనొకసారి కాగితం మీద వేశాను. క్వింటాలు ఎండు మిరప రావాలంటే మూడున్నర క్వింటాళ్ళకి పైనే పండు మిరప కొయ్యాలి. అంటే రెండున్నర క్వింటాళ్ళ నీళ్ళు ఆవిరైపోవాలి. కిలో నీళ్ళని ఆవిరి చెయ్యడానికి ముప్పాతిక యూనిట్‌కి కొంచెం తక్కువ వేడి కావాలి. లెక్క వేస్తే క్వింటాలుకి సుమారు 170 యూనిట్లు. ఎకరానికి ఇరవై క్వింటాళ్ళు పండితే 3400 యూనిట్లు. మన ఇంటి బిల్లు పదహారు నెలలది. ఒక్క ఎకరం మిరపకి ఎండ ఇంత పని చేసి పెడుతోంది. ఏ మీటరూ తిరగదు, ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ ఇన్ని మెగావాట్లని రాసి ఉండదు. ఆరబోసేవాళ్ళకీ, రాత్రి మంచు పడుతుందని పట్టాలు కప్పేవాళ్ళకీ, పొద్దున్నే తీసి తిరగేసేవాళ్ళకీ తెలుసు దాని విలువ. ఆ లెక్క చూశాక కల్లం పక్కనుంచి వెళ్ళేటప్పుడు నా నడక నెమ్మదవుతుంది.

ఇవాళ ఈ గుడ్డ మీద ఆరే వడియాలదీ అదే లెక్క.

గాలి ఎందుకు చెప్పలేదంటావా? మన దగ్గర వీచేది వడగాలి, ఎప్పుడు వీస్తుందో ఎప్పుడు ఆగుతుందో తెలియదు. గాలి వేగం రెట్టింపైతే బలం ఎనిమిది రెట్లు అవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అందుకే మరలన్నీ శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి లాంటి కొండల మీద పెట్టారు. నందిగామలో పెడితే ఊరికే నిలబడి ఉంటాయి.

ఎండ ఇంత మంచిదైతే బొగ్గు మానేస్తే పోలా అన్నావు నిన్న. జవాబు చెప్పే ముందు ఒకటి విను. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో రైతులకి రాత్రిపూట కరెంటిచ్చేవాళ్ళం. ఎందుకో తెలుసా? బొగ్గు బాయిలరు గ్యాసు పొయ్యిలాంటిది కాదు, తిప్పగానే ఆరి, తిప్పగానే వెలగదు. చల్లారిందంటే మళ్ళీ దమ్ము ఎక్కడానికి గంటలు గంటలు పడుతుంది. రాత్రి ఊళ్ళు నిద్రపోతే కరెంటు మిగులుతుంది, అది మోటార్లకి మళ్ళించేవాళ్ళు. ఒంటిగంటకో రెండింటికో త్రీఫేజు వచ్చేది. బ్యాటరీ లైటు, చేతికర్ర పట్టుకుని రైతు స్టార్టర్ డబ్బా దగ్గరికి వెళ్ళేవాడు. ఒక వానాకాలం రాత్రి ఫ్యూజు పోయిందంటే వెళ్ళాను. గట్టు మీద ఒకాయన కూలబడి ఉన్నాడు, డబ్బా కింద పాము కరిచింది. తడి కాళ్ళతో మంచం మీద మోసుకుని రోడ్డుకి తెచ్చాం. బతికాడు. బతకనివాళ్ళ ఇళ్ళకి కూడా వెళ్ళాను. ఇప్పుడు చేలకి పగలు తొమ్మిది గంటలిస్తున్నారు. పగలు ఎండ కరెంటు ఉంది కాబట్టి అది ఇంకా సులువవుతోంది. ఎండ కరెంటు గొప్ప ఏమిటని ఎవరైనా అడిగితే పొగ గురించి తరవాత చెబుతాను, ముందు ఆ గట్టు గురించి చెబుతాను.

కానీ సాయంత్రం ఏడు కాగానే ఏమవుతుంది? పలకలు పడుకుంటాయి. అదే సమయానికి ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు. ఏడు నుంచి పది దాకా లోడంతా ఒక్కసారి మీద పడుతుంది. ఆ మూడు గంటలూ మన బరువు మోసేది ఇప్పటికీ ఇబ్రహీంపట్నం బొగ్గే. దాన్ని తిట్టుకుంటూ దాని వెలుగులో కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు. బొగ్గు నిలవ చేసిన ఎండ కాబట్టి రాత్రి పనికొస్తోంది. మన పగటి ఎండని కూడా రాత్రికి నిలవ చెయ్యడం నేర్చుకుంటే దాని పని తగ్గుతుంది.

సాగర్లో అందుకు దారి ఉంది. అక్కడ ప్రధాన కేంద్రంలో ఎనిమిది యంత్రాలు. ఒకటి 110 మెగావాట్లు, మిగతా ఏడూ ఒక్కొక్కటి 100.8. ఆ ఏడూ రెండువైపులా తిరిగేవి. నీళ్ళు పడితే కరెంటిస్తాయి, కరెంటిస్తే నీళ్ళని తిరిగి పైకి తోడతాయి. కింద సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టింది వదిలిన నీళ్ళు తోడుకోవడానికి నిలిచి ఉండాలనే. మధ్యాహ్నం పలకల కరెంటు మిగిలినప్పుడు పైకి తోడి, సాయంత్రం ఏడింటికి వదలడం. వంద యూనిట్లు పెడితే డెబ్బై అయిదో ఎనభయ్యో తిరిగొస్తాయి, మిగతావి పోతాయి. పోతేపోనీ. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్లది ఇదే పద్ధతి. మోట బానలో నీళ్ళు పైకి లాగి మళ్ళీ పల్లానికి వదిలినట్టే. ఎడ్ల చోట సూర్యుడు.

ఆ బొగ్గు ముక్క నీ దగ్గరే ఉంచుకో. మీ క్లాసులో చూపించు. ‘ఒక్క యూనిట్’ అని రాసి పక్కన పెట్టు. దాని పక్కన ఏం పెడతావో...

ఏయ్, పడమటి దిక్కు చూడు. మునగాల వైపు నల్లగా కమ్ముకొచ్చింది, గాలి కూడా మారింది. వడియాలు కొసల్లో ఎండాయి గానీ నడుమ ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నానమ్మని కేకెయ్యి, ఆ గుడ్డ చెంగులు రెండూ నువ్వు పట్టుకో. మెల్లగా, చితికిపోకుండా. ఎండ మళ్ళీ వచ్చాక పరుద్దాం.